ఉద్యోగానికి దూరపు పరిచయమే దగ్గరి దారి!

డిగ్రీ చేతికొచ్చింది. ఉద్యోగం ఎక్కడుందో చెప్పే నాథుడే లేడు. పల్లె కుర్రకారు గోడు ఇదే. బాబాయికి, మేనమామకు తెలిసిన కబురు ఇంట్లోనూ తెలిసిందే. కొత్త కబురు కావాలంటే ఊరు దాటిన పరిచయం ఉండాలి.

ఉద్యోగాల సమాచారం ఆప్తుల కన్నా ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని అమెరికా సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే రాశారు. 2003లో మొదలైన లింక్డిన్ వెబ్‌సైట్ నడిచేది ఇలాంటి పరిచయాల మీదే. దాని సభ్యులు 2 కోట్ల మందిపై జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. మరీ దగ్గరివాళ్ల కన్నా కొద్దిపాటి పరిచయస్తుల వల్లే ఉద్యోగాలు ఎక్కువగా దొరుకుతున్నాయని అందులోనూ తేలింది.

సభ్యత్వానికి పైసా కట్టనక్కర్లేదు. సెల్‌ఫోన్ చాలు. చదువు, వచ్చిన పని ఉన్నదున్నట్టు రాయాలి. అదే కాలేజీలో, ఐటీఐలో ముందు చదివి పట్నంలో పనిచేస్తున్నవారిని వెతికి పలకరించాలి. ‘ఉద్యోగం ఇప్పించండి’ అంటే ముఖం చాటేస్తారు. ‘మీ దగ్గర ఏ పని వచ్చినవాళ్లను తీసుకుంటారండీ?’ అంటే నాలుగు మాటలు చెప్పేవారుంటారు. ఊరు కదలలేని ఆడపిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది.

మోసగాళ్లూ ఇక్కడే కాపు కాస్తారు. ఉద్యోగానికి డిపాజిట్ అడిగినా, ఓటీపీ చెప్పమన్నా నమ్మరాదు. పొలం తాకట్టు పెట్టి కట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయాలి.

పరిచయం కబురు తెస్తుంది. ఇంటర్వ్యూ నెగ్గాల్సింది మాత్రం చదువుకున్న బిడ్డే!