ఇంటికి తాళం సరే... కంప్యూటర్‌కో?

రాత్రి పడుకోబోయే ముందు మనం ఏం చేస్తాం? గ్యాస్ కట్టామో లేదో చూస్తాం. వీధి తలుపు గడియ వేశాక కూడా ఓసారి తోసి చూస్తాం. పాలు తోడు పెట్టి మూత వేస్తాం. మరి హాల్లో ఓ మూల గుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటర్ సంగతి? "దానిదేముంది, ఆయన చూసుకుంటారు" అనో, "పిల్లలకి తెలుసులే" అనో వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను, 2023 వేసవి సెలవుల్లో ఓ సోమవారం పొద్దుటి దాకా.

ఆ రోజు ఓ పత్రికకి పంపాల్సిన కథ కోసం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫైలు ఉంది. కానీ దాని పేరు చివర నేనెప్పుడూ చూడని నాలుగక్షరాల తోక ఒకటి ఉంది. నొక్కితే తెరుచుకోలేదు. ఫొటోలు చూశాను. వాటికీ అదే తోక. ప్రతి ఫోల్డర్‌లోనూ ఇంగ్లిషులో ఓ ఉత్తరం. సారాంశం ఏమిటంటే, మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపు అయితే సగమే తీసుకుంటాం! ఆషాఢం డిస్కౌంట్‌లాగా దొంగతనానికి కూడా తగ్గింపు ధర!

కథలు పోతే మళ్లీ రాసుకోవచ్చు. కానీ అందులో 'అమ్మ' అని ఒక ఫోల్డర్ ఉంది. 2019లో అమ్మ మా ఇంట్లో నెల రోజులున్నప్పుడు తన చేత పాడించుకుని ఫోన్లో రికార్డు చేసిన 14 పాటలు. మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాట... ఫోన్ నిండిపోతోందని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్లోవి చెరిపేశాను. 2021లో అమ్మ పోయింది. ఆ గొంతు వినాలనిపిస్తే ఆ ఫోల్డరే దిక్కు. దానికి తాళం పడింది.

నేనే ఆపేశానమ్మా...

సాయంత్రం మా అబ్బాయి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు వాడు తొమ్మిదో తరగతి పూర్తి చేసి సెలవుల్లో ఉన్నాడు.

"అమ్మా... అది నావల్లే. శనివారమే చూశాను."

కొనాలంటే మూడు వేలు పెట్టాల్సిన గేమ్ ఊరికే వస్తుందని స్నేహితుడెవరో లింకు ఇచ్చాడట. దాన్ని ఎలా ఎక్కించుకోవాలో రాసిన దాంట్లో మొదటి మాటే, 'ముందు యాంటీ వైరస్ ఆపేయండి, లేకపోతే ఎక్కదు' అని. వీడు ఆపేశాడు. గేమ్ రాలేదు, తాళం వచ్చింది. కంగారుపడి, అమ్మమ్మ పాటలు పెన్‌డ్రైవ్‌లో కూడా ఉన్నాయి కదా, అవైనా బాగున్నాయేమో చూద్దామని దాన్ని తెచ్చి అదే కంప్యూటర్‌కి పెట్టాడు. దొంగ ఇంకా లోపలే ఉన్నాడు. పెన్‌డ్రైవ్‌కీ తాళం పడింది.

నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. శనివారమే చెప్పి ఉంటే కంప్యూటర్ కట్టేసి కూర్చునేవాళ్లం, పెన్‌డ్రైవ్ దక్కేది. మరి వాడెందుకు చెప్పలేదు? అంతకు నెల ముందు టీవీ రిమోట్ పగలగొట్టినందుకు నేను వేసిన కేకలు గుర్తొచ్చాయి. తప్పు చేసిన నిమిషంలోనే పిల్లలు వచ్చి చెప్పగలిగేలా ఇల్లు ఉండాలి. అలాంటి రక్షణ ఏ కంపెనీ అమ్మదు, మనమే ఇవ్వాలి.

కాపలావాడు ఇంట్లోనే ఉన్నాడు

మా ఆడపడుచు కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి ఫోన్ చేసి నా గోడంతా వెళ్లబోసుకుని, "డబ్బెంతైనా సరే, మంచి యాంటీ వైరస్ పేరు చెప్పు నాన్నా, కొనేస్తాను" అన్నాను.

"మంచిదే ఉంది కదత్తయ్యా మీ దాంట్లో. పాపం అది వద్దనే చెప్పింది. మనవాడే దాని నోరు నొక్కేశాడు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. విండోస్ 10, విండోస్ 11 ఉన్న కంప్యూటర్లలో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్' అనే యాంటీ వైరస్ ముందే ఉంటుంది. దానికి విడిగా పైసా కట్టక్కర్లేదు. ఏ యాంటీ వైరస్ అయినా ముఖ్యంగా చేసేది రెండు పనులు. మొదటిది, పోలీస్ స్టేషన్ గోడ మీద పాత నేరస్థుల ఫొటోలు అంటించినట్టు, ఇదివరకు దొరికిన వైరస్‌ల ఆనవాళ్లు దగ్గర పెట్టుకుని వచ్చిన ప్రతి ఫైలునీ పోల్చి చూడటం. ఆ జాబితా ఇంటర్నెట్ ద్వారా ఎప్పటికప్పుడు పెరుగుతూ ఉంటుంది. రెండోది, నడవడిక కనిపెట్టడం. కొత్త ముఖమే అయినా, వచ్చీ రాగానే వందల ఫైళ్లని గబగబా మార్చేస్తుంటే అనుమానించి ఆపుతుంది.

ఊరికే వచ్చింది కదా, సరిగ్గా పని చేస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. జర్మనీలో 'ఏవీ టెస్ట్', ఆస్ట్రియాలో 'ఏవీ కంపారటివ్స్' అనే సంస్థలు ఈ సాఫ్ట్‌వేర్లకి పరీక్షలు పెట్టి ఫలితాలు అందరూ చూసేలా ప్రకటిస్తాయి. ఏవీ టెస్ట్ వాళ్లు రక్షణకి 6, కంప్యూటర్‌ని నెమ్మది చేయనందుకు 6, ఉత్తుత్తి హెచ్చరికలతో విసిగించనందుకు 6, మొత్తం 18 మార్కులకి లెక్కేస్తారు. కొన్నేళ్లుగా డిఫెండర్‌కి తరచూ మంచి మార్కులే వస్తున్నాయి. ఉత్తరాలు రాసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, పిల్లల చదువు... వీటికి వాడుకునే మనలాంటి ఇళ్లకి చాలావరకు అది సరిపోతుంది.

డబ్బు పెట్టి ఎప్పుడు కొనాలి?

కంప్యూటర్‌తో పాటు ఇంట్లోవాళ్ల ఫోన్లన్నిటికీ కలిపి ఒకటే కావాలన్నా, ఇబ్బంది వస్తే ఫోన్ చేసి అడగడానికి ఓ మనిషి ఉండాలన్నా కొనుక్కోవచ్చు. అందుకు విదేశాల వైపే చూడక్కర్లేదు. చెన్నైలో కె7 ఉంది. పుణెలో క్విక్ హీల్ ఉంది. కాలిక్యులేటర్లు బాగుచేసే పనితో మొదలుపెట్టిన కైలాష్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి 1990లలో తయారు చేసిందది.

అయితే కొనేముందు, చీరకి అంచూ కొంగూ తిప్పి చూసుకున్నట్టు కొన్ని చూసుకోవాలి.

ధర ఏ ఏడాదికి? మొదటి ఏడాది తక్కువకే ఇచ్చి, రెండో ఏడాది ఎక్కువ లాగడం ఈ వ్యాపారంలో మామూలే. 'ఆటో రెన్యూవల్' అనే గడిలో టిక్కు ఉంటే, ఏడాది తిరిగేసరికి మనల్ని అడక్కుండానే కార్డులోంచి డబ్బు పోవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అలాంటి కోతకి 24 గంటల ముందు కబురు రావాలి. ఆ మెసేజ్‌ని ప్రకటనల గుంపులో పడేయకండి.

ఎన్నిటికి? ఒక్క కంప్యూటర్‌కా, మూడింటికా అన్నది డబ్బా మీద రాసి ఉంటుంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకటి చాలదని రెండు యాంటీ వైరస్‌లు పెడితే అవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కంప్యూటర్‌ని నత్తనడక నడిపిస్తాయి. కొన్నది గడువు తీరిపోతే, దాన్ని పూర్తిగా తీసేసి డిఫెండర్ మళ్లీ పని చేస్తోందో లేదో మన కళ్లతో మనం చూసుకోవాలి.

ఉచితంగా ఇచ్చేవాడికి లాభం ఏమిటి? ఇది తప్పకుండా ఆలోచించాలి. వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో ఏమేం చూస్తున్నారో ఆ వివరాలు ఇతరులకి అమ్ముకుందని 2024లో అవాస్ట్ కంపెనీ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి చర్య తీసుకుంది. కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టమంది. కాపలాకి పెట్టుకున్నవాడే ఇంటి గుట్టు బయట చెబితే ఎలా?

ఇక, "యాభై రూపాయలివ్వండి మేడమ్, మూడు వేలది వేసేస్తాను" అని దొంగ కాపీ ఎక్కించేవాళ్లుంటారు. అది దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

"వీడి దగ్గర వంకాయలు కూడా కొనను"

మొన్నామధ్య మా అత్తయ్యగారు కంప్యూటర్‌లో పంచాంగం చూసుకుంటున్నారు. ఉన్నట్టుండి తెరంతా ఎర్రగా మారి సైరన్ మోగింది. 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి, కంప్యూటర్ కట్టేయకండి' అని రాసి ఉంది. నేను పరిగెత్తుకెళ్లాను. ఆవిడ మాత్రం కళ్లజోడు సర్దుకుంటూ, "అమ్మాయ్, ఎవడో తెగ తొందరపెడుతున్నాడు. ఇంత తొందరపెట్టేవాడి దగ్గర నేను వంకాయలు కూడా కొనను. కట్టెయ్" అన్నారు.

ఎంత చక్కగా చెప్పారు! అది వైరసూ కాదు, ఏమీ కాదు. భయపెట్టడానికి తయారు చేసిన ఓ పేజీ, అంతే. తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అలాంటిది కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. మూసుకోకపోతే పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని కంప్యూటర్‌నే ఆపేయండి. ఆ నంబరుకి మాత్రం ఫోన్ చేయకండి. చేస్తే 'బాగుచేస్తాం' అంటూ, మన కంప్యూటర్‌ని వాళ్ల చోటి నుంచే నడిపించే యాప్ ఒకటి ఎక్కించమంటారు. ఆ తర్వాత బ్యాంకు ఖాతా ఖాళీ! అలాంటి యాప్‌లతో జాగ్రత్త అని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

'తర్వాత' అని నొక్కేస్తున్నారా?

కంప్యూటర్ 'అప్‌డేట్ చేసుకోమంటారా' అని అడిగినప్పుడల్లా మనం నొక్కేది 'తర్వాత' అనే. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనేది దేశదేశాల కంప్యూటర్లకి తాళాలు వేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా చిక్కుకున్నారు. గోడకి కన్నం ఉంచుకుని, గుమ్మంలో కాపలావాణ్ణి పెడితే ఏం లాభం?

ఇంకో సంగతి. విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీది అదే అయితే, కొత్త యాంటీ వైరస్ కొనే ముందు విండోస్ 11కి మారే వీలుందేమో కనుక్కోండి.

ఈ ఆదివారం ఓ అరగంట...

* స్టార్ట్‌లో 'విండోస్ సెక్యూరిటీ' అని వెతికి తెరవండి. 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' దగ్గర పచ్చ టిక్కు ఉందో లేదో చూడండి.

* అక్కడే 'రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్'లో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని ఉంటుంది. మామూలుగా ఆపేసి ఉంటుంది. ఆన్ చేస్తే, ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాములు మన ఫొటోల జోలికి, కాగితాల జోలికి రాకుండా అడ్డుకుంటుంది.

* పిల్లలకి విడిగా 'స్టాండర్డ్' ఖాతా తెరవండి. పెద్దవాళ్ల పాస్‌వర్డ్ లేనిదే యాంటీ వైరస్‌ని ఆపడం వాళ్లకి కుదరదు. ఈ ఒక్క పని చేసి ఉంటే మా ఇంట్లో ఆ శనివారం గడిచిపోయేది.

* 'యాంటీ వైరస్ ఆపేయండి' అని అడిగేది ఏదైనా సరే, వద్దు. అంతకంటే గుర్తు అక్కర్లేదు.

* ముఖ్యమైనవి ఓ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, వెంటనే ఊడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

మూడు పాటలు

దొంగలకి మేం డబ్బు కట్టలేదు. కట్టినా తాళంచెవి ఇస్తారన్న నమ్మకం ఏమిటి? 'నో మోర్ రాన్సమ్' అని 2016లో యూరప్ పోలీసులు, కొన్ని యాంటీ వైరస్ కంపెనీలు కలిసి మొదలుపెట్టిన సేవ ఒకటుంది. కొన్ని రకాల తాళాలకి అక్కడ ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. మా అబ్బాయి రెండు రాత్రులు కూర్చుని వెతికాడు. మా దానికి దొరకలేదు. ఎప్పటికైనా దొరక్కపోతుందా అని, తాళం పడ్డ ఆ ఫైళ్లని అలాగే ఓ పాత హార్డ్‌డిస్క్‌లో దాచి ఉంచాను.

వారం తర్వాత కాకినాడ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పాటలు అప్పట్లో నాకు వాట్సప్‌లో పంపావు కదా, మూడు ఉన్నాయే నా దగ్గర!"

పద్నాలుగింట్లో మూడు. ఒక హారతి, ఒక లాలిపాట, సగంలో దగ్గు వచ్చి ఆగి, "ఉండవే, మళ్లీ పాడతా" అని అమ్మ నవ్విన అప్పగింతల పాట.

ఇప్పుడవి మా కంప్యూటర్‌లో ఉన్నాయి. బీరువాలో వెండి కుంకుమభరిణె పక్కనున్న హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. చెల్లెలింట్లో ఉన్నాయి. నెలకోసారి కాపీ చేసే పని మా అబ్బాయిది. నేను చెప్పలేదు, వాడే పెట్టుకున్నాడు.

మరి మీ ఇంట్లో? పాప మొదటి అడుగులు, నాన్నగారి గొంతు, పెళ్లి ఫొటోలు... అవి ఉన్నది ఒక్కచోటేనా? అయితే ఏ యాంటీ వైరస్ కొనాలా అని ఆలోచించేది రేపైనా పరవాలేదు. ఆ రెండో కాపీ మాత్రం ఇవాళే తీసి పెట్టుకోండి!