పూల చిత్రంలో సొంత జీవితం

పూలు, పండ్లు, పాత్రలు వంటి కదలని వస్తువులను అమర్చి గీసే చిత్రాన్ని నిశ్చల చిత్రం అంటారు. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు ఈ ప్రక్రియను ఉన్నత స్థాయికి తీసుకువెళ్లి, వాడిన రేకుతోనో ఆకు కొరికే పురుగుతోనో జీవితం అశాశ్వతమని సూచించారు. విడివిడిగా గీసుకున్న నమూనాల ఆధారంగా, వేర్వేరు ఋతువుల్లో పూసే పూలను వారు ఒకే కూజాలో చేర్చేవారు కనుక, ప్రకృతిలో ఎన్నడూ కలవని పూలగుత్తి చిత్రంలో సాధ్యమైంది.

ఈ పద్ధతి ఉత్తర తెలంగాణ చిత్రకారులకు ఎంతో అనువైనది. ముదురు నేపథ్యంపై బంగారు వన్నెతో పూలనూ లతలనూ తీర్చే సంప్రదాయం నిర్మల్ చిత్రకళలో ఉంది. అటువంటి నేపథ్యమే అనేక డచ్ చిత్రాలలో పూల రంగులకు వెలుగునిచ్చింది. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మగా పేర్చే తంగేడు, గునుగులనూ, వేసవి ముంగిట ఆదిలాబాద్ అడవుల్లో విరిసి హోలీ రంగుకు ఉపయోగపడే మోదుగునూ ఒకే పాత్రలో నిలిపితే, తంగేడు పుట్టింటికీ, మోదుగు బాల్యానికీ, ఎండినా రూపు చెడని గునుగు దూరమైన ఆత్మీయులకూ గుర్తులు కాగలవు. ఏ పువ్వుకు ఏ అర్థమో గ్రంథాలు కాక చిత్రకారుడి అనుభవమే నిర్ణయించినప్పుడు, మనిషి ముఖం కనిపించకపోయినా ఆ చిత్రం ఒక జీవిత చరిత్ర అవుతుంది.