లెక్చరర్లకి పోర్టల్ అంటే ఎందుకంత విసుగు?

ఇవాళ్టి ఎపిసోడ్ ఓ తప్పుతో మొదలుపెడతా. నా తప్పే.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఓ యూనివర్సిటీకి రీసెర్చ్ పోర్టల్ తయారుచేశాం. లెక్చరర్ల పేపర్లు, ప్రాజెక్టులు, పేటెంట్లు, పీహెచ్‌డీ గైడెన్స్ అన్నీ ఒకేచోట ఉండే సిస్టమ్ అన్నమాట. అందులో డీఓఐ బాక్స్ తప్పనిసరి చేసింది నేనే. డీఓఐ అంటే ఆన్‌లైన్ పేపర్‌కి ఇచ్చే శాశ్వత నంబర్.

కొన్నాళ్లకి డేటా తీసి చూస్తే, తెలుగు శాఖ సార్ ఒకాయన ప్రతి వ్యాసానికీ ఆ బాక్స్‌లో 0 కొట్టారు. పెద్దాయన కదా, కంప్యూటర్ అలవాటు లేదేమో అనుకుని ఫోన్ చేశా.

"బాబూ, నేను రాసే పత్రికలకి ఆ నంబరే ఉండదు. ఖాళీగా వదిలేస్తే సేవ్ అవ్వట్లేదు. సేవ్ కాకపోతే నేనేమీ రాయనట్టే కదా?" అన్నారు.

నాకు మాట రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కొత్త సిస్టమ్‌ని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారు? 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు దీన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టాడు. ఇది నా పనికి ఉపయోగమా? వాడటం తేలికా? ఆయన పరిశీలనలో మొదటిదానికే ఎక్కువ బరువు తేలింది. నిజమే కదా. పొద్దున 10 గంటలకి తత్కాల్ టికెట్‌తో కుస్తీ పడతాం. కష్టమే, కానీ పని జరుగుతుంది కాబట్టి మానం.

మరి లెక్చరర్‌కి ఏం దక్కుతోంది? న్యాక్‌కి ఒక లిస్ట్, ఎన్ఐఆర్ఎఫ్‌కి ఒకటి, ప్రమోషన్ ఫైల్‌కి ఇంకొకటి. అవే పేపర్లు మళ్లీ మళ్లీ టైప్ చేయాలి. సర్క్యులర్ వస్తే నింపుతారు. కానీ నింపడం వేరు, ఒప్పుకోవడం వేరు.

దీనికి దారి ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఐరిన్స్ లాంటివి స్కోపస్, క్రాస్‌రెఫ్, ఆర్కిడ్ లాంటి చోట్ల నుంచి పేపర్ల వివరాలు తెచ్చుకుంటాయి. ఆర్కిడ్ 2012లో మొదలైంది. పరిశోధకులకి ఉచితంగా ఇచ్చే 16 అంకెల ఐడీ. మనవాళ్లకి ఇది చాలా అవసరం. "కె. శ్రీనివాసరావు" అని వెతికి చూడండి, ఎంతమంది వస్తారో!

కానీ ఆ డేటాబేస్‌లలో లేని తెలుగు వ్యాసం దానంతటదే రాదు. అక్కడే మనుషుల గురించి ఆలోచించాలి. మేం డీఓఐ తప్పనిసరి తీసేశాం. పత్రిక పేజీ ఫొటో పెడితే లైబ్రేరియన్ చూసి ఓకే చేసేలా మార్చాం. ప్రమోషన్ లిస్ట్ ఒక్క క్లిక్‌తో ప్రింట్ అయ్యే బటన్ ఇచ్చాం.

ఆ సార్ ఇరవయ్యేళ్ల నాటి వ్యాసాలు కూడా ఎక్కించారు. ఎవరూ అడగలేదు.

మీ కాలేజీ పోర్టల్‌లో మిమ్మల్ని ఏడిపించే బాక్స్ ఏదో కామెంట్‌లో చెప్పండి. అలాంటివి తయారుచేసే ఉద్యోగంలో మీరే ఉంటే, బాక్స్ పక్కన ఎర్ర చుక్క పెట్టేముందు ఒక లెక్చరర్‌కి ఫోన్ చేయండి. ఉంటానండీ.