రాణి చీమను గుర్తించడం, పెంచడం: ప్రారంభకులకు తొలి పాఠాలు

తొలకరి వాన వెలిసిన సాయంత్రం దీపాల చుట్టూ రెక్కల పురుగులు ముసురుకోవడం తెలుగు ప్రాంతాల్లో ఏటా కనిపించే దృశ్యమే. వాటిలో అధిక భాగం ఉసుళ్లు, అంటే రెక్కలు వచ్చిన చెదపురుగులు. ఇంచుమించు అదే తరుణంలో పలు జాతుల చీమల పుట్టల నుంచి కూడా రెక్కల రాణులు, మగ చీమలు జంటకట్టేందుకు వెలువడతాయి. మరునాడు గోడవారగా, రెక్కలు రాల్చుకొని ఒంటరిగా తిరుగాడే లావుపాటి చీమ ఒక కొత్త పుట్టకు మూలమయ్యే రాణి కావచ్చు. అటువంటి రాణిని గాజు నాళికలో పెంచుతూ ఒక సమూహం ఆవిర్భవించే తీరును మొదటి గుడ్డు నుంచి గమనించడం కీటకశాస్త్ర విద్యార్థికి దాదాపు ఖర్చులేని ప్రయోగం. ప్రారంభకుల ప్రయత్నాలు విఫలం కావడానికి తరచు రెండు కారణాలు ఉంటాయి. ఒకటి గుర్తింపులో పొరపాటు. రెండవది సంరక్షణ పేరిట చేసే అతి జోక్యం.

ఉసుళ్లకూ చీమలకూ తేడా

ఉసుళ్లకు సన్నని నడుము ఉండదు. వక్షం, ఉదరం ఇంచుమించు ఒకే వెడల్పుతో కలిసిపోయి ఉంటాయి. స్పర్శశృంగాలు పూసలదండ వలె తిన్నగా ఉంటాయి. నాలుగు రెక్కలూ సమాన పొడవు. చీమల్లో వక్షానికీ ఉదరానికీ నడుమ సన్నని కాడ, మోచేయి వలె వంగిన స్పర్శశృంగాలు, వెనుక రెక్కల కంటే పొడవైన ముందు రెక్కలు ఉంటాయి.

రాణి లక్షణాలు

ప్రారంభకులకు అనువైన జాతి మన తోటల్లో, చెట్ల మొదళ్ల వద్ద విరివిగా కనిపించే నల్లని గండుచీమ. దీని శాస్త్రీయ నామం కాంపోనోటస్ కంప్రెసస్. ఈ జాతి శ్రామిక చీమల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయి. పెద్ద శ్రామిక చీమ తల భారీగా ఉండటం చూసి దానినే రాణిగా భ్రమపడటం సర్వసాధారణం. అందువల్ల తలను కాక వక్షాన్ని చూడాలి. శ్రామిక చీమ వక్షం సన్నగా ఉంటుంది. రాణి వక్షం ఎగిరే కండరాలతో నిండి, ఉబ్బెత్తుగా, పలు ఫలకాలుగా విభజితమై కనిపిస్తుంది. రెక్కలు రాలిన రాణి వక్షంపై ఇరుపక్కలా రెక్కలు ఊడిన మచ్చలను భూతద్దంతో స్పష్టంగా చూడవచ్చు. మగ చీమలు చిన్న తల, సన్నని దేహంతో ఉండి, జంటకట్టిన తరువాత కొద్దికాలానికే మరణిస్తాయి.

రెక్కలు రాలడం జంటకట్టినదనడానికి మంచి సూచనే గాని, తిరుగులేని రుజువు కాదు. ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి మగ చీమలు మాత్రమే పుడతాయి. కాబట్టి తొలి సంతానం శ్రామిక చీమలైనప్పుడే రాణి సఫలమైనదని నిర్ధారించాలి. అన్ని జాతులకూ రాణి ఉండదన్నది కూడా గమనార్హం. దక్షిణ భారతంలోని డయకమ్మా ఇండికం చీమలలో ప్రత్యేక రాణి రూపమే లేదు. జంటకట్టిన శ్రామిక చీమ గుడ్లు పెడుతుంది.

నాళిక అమరిక

పుట్టను తవ్వి రాణిని తీయరాదు. అలా చేస్తే ఉన్న సమూహం నశిస్తుంది. నేలపై ఒంటరిగా తిరిగే రాణిని మాత్రమే సేకరించాలి. సుమారు 150 మిల్లీమీటర్ల పొడవైన పరీక్షనాళికలో మూడో వంతు శుభ్రమైన నీరు పోసి, నీరు కారకుండా దూదిని గట్టిగా దిగవేయాలి. దూది తడిసి ఉండాలి, దాని ముందు నీరు నిలవరాదు. రాణిని విడిచిన తరువాత నాళిక మూతిని గాలి ఆడేలా పొడి దూదితో మూయాలి. సేకరించిన తేదీ, స్థలం, ఆనాటి వర్షం వివరాలు రాసిన చీటీని నాళికకు అంటించాలి. ఒక నాళికలో ఒకే రాణిని ఉంచాలి. నాళికను అదురు, ఎండ తగలని చీకటి చోట అడ్డంగా పడుకోబెట్టాలి.

ఉపవాసం వెనుక శాస్త్రం

గండుచీమ రాణి మట్టిలో చిన్న గది చేసుకొని, ద్వారం మూసుకొని, తొలి శ్రామిక చీమలు వచ్చేవరకు ఆహారం ముట్టదు. ఇక ఎగరవలసిన అవసరం లేని రెక్కల కండరాలు కరిగి పోషకాలుగా మారతాయి. ఈ కండరాల క్షయాన్ని ఫ్రెంచ్ పరిశోధకుడు షార్ల్ జానె 1907లో వివరించాడు. కొవ్వు నిల్వలతో కలిసి ఇవే తొలి లార్వాలకు ఆహారమవుతాయి. కాంపోనోటస్ చీమల దేహంలో నివసించే బ్లాక్‌మానియా అనే బాక్టీరియా అవసరమైన అమైనో ఆమ్లాలను సమకూర్చి ఈ పోషణకు తోడ్పడుతుంది.

అంటే రాణి వద్ద ఉన్నది తిరిగి నింపుకోలేని నిల్వ. నాళికను పదే పదే కదిలించినప్పుడు, వెలుతురులోకి తీసినప్పుడు కలత చెందిన రాణి తన గుడ్లనే తినివేస్తుంది. మళ్లీ గుడ్లు పెట్టినా నిల్వ కొంత తరిగిపోతుంది. ఆకలితో ఉందన్న జాలితో వేసే బెల్లం, తేనె బూజుకు దారితీస్తాయి. వారానికి ఒకసారి, అదీ క్షణకాలం, చూస్తే చాలు. వెచ్చని గదిలో గుడ్డు నుంచి శ్రామిక చీమ వచ్చేందుకు సుమారు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఈ జాతి ప్యూపాలు పట్టుగూళ్లలో ఉంటాయి గనుక వాటిని గుడ్లుగా పొరబడరాదు.

ఈ నియమం అన్ని జాతులకూ వర్తించదు. హార్పెగ్నాథస్ సాల్టేటర్ వంటి వేటచీమల రాణులు ఆరంభ దశలోనూ ఆహారం కోసం బయటకు వస్తాయి. జాతి తెలియకుండా పెంపకానికి పూనుకోరాదనడానికి ఇదే కారణం.

తొలి సంతానం తరువాత

తొలి శ్రామిక చీమలు చాలా చిన్నవిగా ఉంటాయి. పరిమిత నిల్వతో పెరిగినందున ఇది సహజమే, వ్యాధి లక్షణం కాదు. అవి కనిపించిన కొద్ది రోజులకు చక్కెర నీటి చుక్కను, చంపిన చిన్న కీటకం ముక్కను అందించాలి. పురుగుమందు తగిలిన కీటకాలను ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. మిగిలిన ఆహారాన్ని మరునాడే తొలగించాలి. దూది బూజుపట్టినా, నీరు తరిగినా, చీమలను దులిపి మార్చకూడదు. కొత్త నాళికను పాతదానికి మూతి కలిపి, కొత్తదానిని చీకటిగా, పాతదానిని వెలుతురుగా ఉంచితే అవే తరలిపోతాయి. ఇరవై, ముప్పై చీమలు అయ్యేవరకు పెద్ద గూడు అవసరం లేదు.

పాటించవలసిన హద్దులు

అభిరుచి కోసం ఇతర ప్రాంతాల జాతులను తెప్పించుకోరాదు. మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చి మన దేశంలో స్థిరపడిన సోలెనాప్సిస్ జెమినాటా అనే నిప్పు చీమ ఇందుకు హెచ్చరిక. పెంచలేని సమూహాన్ని మరొక ఊరిలో వదలరాదు. రాణిది దీర్ఘాయువన్నదీ గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ లబ్బక్ పెంచిన ఒక రాణి దాదాపు 15 ఏళ్లు జీవించింది. పూర్తి బాధ్యత వహించలేనివారు గుడ్ల దశ వరకు పరిశీలించి, రాణిని సేకరించిన చోటనే తడి మట్టిలో విడవడం మేలు. అయితే ఆ రాణి నిలదొక్కుకునే అవకాశం తక్కువేనని గ్రహించాలి.

విస్తరణకు ఉపయోగం

పేనుబంక, పిండినల్లి స్రవించే తీపి ద్రవం కోసం చీమలు వాటిని సహజ శత్రువుల నుంచి కాపాడతాయి. చీమల బారును చూసి రైతు మందు చల్లితే, చనిపోయేవి బయటకు వచ్చిన శ్రామిక చీమలు మాత్రమే. రాణి పుట్ట లోపల గుడ్లు పెడుతూనే ఉంటుంది, కొద్ది రోజులకు బారు మళ్లీ కనిపిస్తుంది. చీమలు నోటి ద్వారా ఒకదానికొకటి ఆహారం పంచుకుంటాయి గనుక, నెమ్మదిగా పనిచేసే ఎర మందు మాత్రమే రాణి వరకు చేరగలదు. త్వరగా చంపే మందు దారిలోనే ఆగిపోతుంది. నాళికలో శ్రామిక చీమ తెచ్చిన తీపి చుక్క రాణి నోటికి చేరడాన్ని కళ్లారా చూసిన విద్యార్థి, ఈ విషయాన్ని రేపు రైతుకు మరింత నమ్మకంగా వివరించగలడు.