వేడిగాలితో వేపుడు: కొనేముందు, కొన్న తరువాత

పట్నంలో ఉద్యోగాలు చేసే బిడ్డలు పండుగకు ఇంటికి వచ్చేటప్పుడు ఈ మధ్య తెస్తున్న వస్తువులలో ఎయిర్ ఫ్రయ్యర్ ఒకటి. "నూనె లేకుండానే వేపుళ్ళు వస్తాయట!" అని ఇరుగుపొరుగువారు చూడవస్తారు. నాలుగు రోజులు బంగాళాదుంప ముక్కలు చేస్తారు. ఐదవ రోజు గారెలు వేస్తారు. పిండి జారి బుట్టకు అంటుకుపోతుంది. ఇక ఆ పెట్టె అటక ఎక్కుతుంది. వేల రూపాయలు పోసిన వస్తువు మూలపడటం ఏ కుటుంబానికైనా నష్టమే గదా! అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ముందుగా తెలిసికొంటే ఈ నష్టం ఉండదు.

ఇది ఎలా పనిచేస్తుంది?

పేరులో వేపుడు ఉన్నా ఇది మూకుడు వంటిది కాదు. ఒక చిన్న ఓవెన్. పై భాగంలో కాయిల్ వేడెక్కుతుంది. ఫ్యాను ఆ వేడిగాలిని చిల్లుల బుట్టలోని ముక్కల చుట్టూ వేగంగా తిప్పుతుంది. పైతడి ఆరి ముక్క కరకరలాడుతుంది. ఫిలిప్స్ కంపెనీ 2010లో దీనిని మార్కెట్‌లోకి తెచ్చింది. ఇప్పుడు అనేక కంపెనీలు తయారుచేస్తున్నాయి.

కాగిన నూనెలో పిండి పడగానే అన్ని వైపులా ఒక్కసారే గట్టిపడుతుంది. గాలికి ఆ శక్తి లేదు. గట్టిపడేలోగా పిండి కారిపోతుంది. కనుక గారెలు, బజ్జీలు, బూరెలకు మూకుడే తగినది. నిన్న మిగిలిన గారెలను 160 డిగ్రీలలో నాలుగైదు నిమిషాలు ఉంచితే మాత్రం మళ్ళీ కరకరలాడతాయి.

రోజువారీ వంటలు

బెండకాయ వేపుడు: పావుకిలో కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి తరగండి. ఒక టీస్పూను నూనె పట్టించి 180 డిగ్రీలలో 12 నుండి 15 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి బుట్టను కుదపండి. ఉప్పు, కారం చివర చల్లండి. ముందే ఉప్పు వేస్తే నీరు ఊరుతుంది.

చేప ముక్కలు: అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు, నిమ్మరసం, చెంచాడు నూనె పట్టించి అరగంట నాననివ్వండి. 180 డిగ్రీలలో సుమారు 15 నిమిషాలు చాలు. మధ్యలో ఒకసారి తిప్పాలి.

వంకాయ పచ్చడికి: కాయకు నూనె రాసి, నాలుగు గాట్లు పెట్టి 200 డిగ్రీలలో 20 నుండి 25 నిమిషాలు కాల్చండి. తొక్క సులువుగా వస్తుంది. నిప్పుల మీది పొగవాసన మాత్రం రాదు.

వేరుశనగ గుళ్ళు: నూనె అక్కరలేదు. 160 డిగ్రీలలో పది నిమిషాలలోపే వేగుతాయి. మధ్యలో కుదుపుతూ ఉండాలి.

కరివేపాకు వంటి తేలికైనవి గాలికి ఎగిరి కాయిల్‌కు తగిలి మాడతాయి. వాటిని చివర కలుపుకోండి. బుట్టను నిండా కుక్కితే గాలి ఆడక ముక్కలు మెత్తబడతాయి.

ఆరోగ్యం మాటేమిటి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీల భోజనంలో నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు. ఒక గ్రాము నూనెలో 9 కేలరీలు ఉంటాయి. నాలుగు చెంచాల నూనె పట్టే వేపుడు ఒక చెంచాతో అయితే మేలే. అయితే గాలిలో వేగినంత మాత్రాన బంగాళాదుంపలోని పిండిపదార్థం తగ్గదు. చక్కెర వ్యాధి ఉన్నవారు ఇది మరువరాదు. పిండిపదార్థం గలవి బాగా మాడితే ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో తెలియజేశారు. బంగారు రంగు రాగానే తీసివేయండి.

కరెంటు, జాగ్రత్తలు

1400 వాట్ల పెట్టె 20 నిమిషాలు నడిస్తే అర యూనిట్ లోపే ఖర్చవుతుంది. ఎర్త్ ఉన్న పెద్ద సాకెట్‌లోనే పెట్టండి. వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ప్రమాదకరం. వెనుక నుండి వేడిగాలి వస్తుంది గనుక గోడకు జానెడు దూరంలో ఉంచండి. బుట్ట చల్లారిన తరువాత మెత్తని పీచుతో కడగండి. ఇనుప పీచు వాడితే పూత లేచిపోతుంది.

మీ ఇంటికి అవసరమా?

నాలుగు లీటర్ల బుట్ట ముగ్గురు నలుగురికి సరిపోతుంది. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో మూడు వాయిలు వేయాలి. అక్కడ పొయ్యి మీది మూకుడే త్వరగా పని ముగిస్తుంది. మందపాటి మూకుడులో మూతపెట్టి సన్నని సెగపై వేయించినా నూనె కొద్దిగానే పడుతుంది. కాబట్టి దీనికోసం అప్పు చేయనక్కరలేదు, వాయిదాలు కట్టనక్కరలేదు.

అయితే బిడ్డలు దూరంగా ఉండి, వృద్ధ దంపతులు ఇద్దరే వండుకొనే ఇళ్ళు మన పల్లెలలో ఎన్నో ఉన్నాయి. వణికే చేతులతో కాగే నూనె దగ్గర నిలబడే తల్లికి ఇది నిజమైన సహాయం. సమయం కాగానే దానంతట అదే ఆగిపోతుంది. భార్యకు జ్వరం వచ్చిన రోజున భర్త కూడా నాలుగు చేప ముక్కలు వేయించగలడు.

కానుకగా తెచ్చే బిడ్డలకు ఒక్క మాట. పెట్టెను బల్లమీద పెట్టి వెళ్ళిపోకండి. ఉన్న నాలుగు రోజులలో నాలుగు వంటలు అమ్మచేతనే చేయించండి. ఏ వంటకు ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలో పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసి, ఆమెకు కనిపించేలా వంటగది గోడకు అంటించండి. అప్పుడది అటక ఎక్కదు.