ఎండ కోసం కొండెక్కిన ద్రాక్ష

జర్మనీలో మోసెల్ నది ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా పాములా మెలికలు తిరుగుతూ సాగుతుంది. ఆ ఒడ్డున కొన్ని ద్రాక్షతోటల్లో నిలబడడమే కష్టం. బ్రెమ్ గ్రామం దగ్గర కాల్‌మాంట్ కొండవాలు చోట్లచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడికి ట్రాక్టర్ ఎక్కదు. ఒంటి పట్టా మీద పాకే చిన్న బండి, ఆపైన మనిషి కాళ్లే దిక్కు. నది పక్కన చదును నేల ఉండగా ఇంత అవస్థ ఎందుకు?

సూర్యుడి కోణం వల్ల. ఈ లోయ సుమారు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాయ పండే సెప్టెంబరు 23 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు 40 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అదే రోజు హైదరాబాద్‌లో 72 డిగ్రీలు దాటతాడు. ఏటవాలుగా పడే ఎండ ఎక్కువ నేల మీద పరుచుకుని పలచబడుతుంది. దక్షిణానికి తిరిగిన 50 డిగ్రీల వాలు మీద మాత్రం కిరణాలు సూటిగా తగులుతాయి. లెక్క వేస్తే, చదును నేల కన్నా ఒకటిన్నర రెట్ల ఎండ.

ఇక నేల. ఇక్కడి మట్టి నిండా పలకరాయి ముక్కలే. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవారికి ఆ నల్లటి రాయిని పరిచయం చేయనక్కర్లేదు. పగలు వేడెక్కి, రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది.

ఇన్ని ఏర్పాట్లు ఉన్నా చల్లదనం చల్లదనమే. రుచి రహస్యమూ అందులోనే ఉంది. పచ్చి ద్రాక్షలో మాలిక్ ఆమ్లం ఎక్కువ. పుల్లటి ఆపిల్‌లో ఉండేదీ అదే. కాయ శ్వాసించేటప్పుడు ఈ ఆమ్లం ఖర్చవుతుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా ఖర్చవుతుంది. చల్లని చోట చక్కెర చేరినా పులుపు మిగులుతుంది. అందుకే ఇక్కడి రీస్లింగ్ వైన్‌లో తీపి ఉన్నా మొహం మొత్తదు. కొన్ని రకాల్లో ఆల్కహాల్ 8 శాతం దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు ఆ చల్లదనమే తగ్గుతోంది. 'ఐస్ వైన్' చేయాలంటే కాయలు తీగ మీదే గడ్డకట్టాలి. నీరు మంచుగా మారితే, పిండినప్పుడు చక్కెర చిక్కబడిన రసం మాత్రం బయటికి వస్తుంది. ఇందుకు కనీసం మైనస్ 7 డిగ్రీల చలి కావాలి. 2019 పంటకు జర్మనీలోని 13 వైన్ ప్రాంతాల్లో ఎక్కడా అంత చలి రాలేదు. దేశమంతటా ఐస్ వైన్ తప్పిపోవడం అదే మొదటిసారి.

లాభమూ లేకపోలేదు. మోసెల్ ఉపనది సార్ లోయ ఇంకా చల్లన. ఒకప్పుడు అక్కడ చాలా ఏళ్లు కాయ పూర్తిగా పండేదే కాదు, ఇప్పుడు దాదాపు ఏటా పండుతోంది. ఎండను ఒడిసిపట్టేందుకు ఎంచుకున్న నిటారు వాలుల్లో మాత్రం వడగాలుల రోజుల్లో కాయలు కమిలిపోతున్నాయి. గుత్తులకు ఎండ తగలాలని ఆకులు దూసే రైతులు ఇప్పుడు నీడ కోసం వాటిని అట్టే ఉంచుతున్నారు.