మస్క్ స్ట్రాబెరీ పెంపకం: కాయని మొక్క అవసరం

కిందటి భాగంలో ఏకలింగాశ్రయి మొక్కలను గురించి చదివారు. పోతుతాడు కాయలు కాయదనీ, ముంజెలు పెంటితాడుకే వస్తాయనీ పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. ఆకాకర పందిరి వేసే రైతు మగతీగలను కొన్నిటినైనా ఉంచుకుంటాడు. ఈ విషయం తెలియకుండా ఒక ఏకలింగాశ్రయి మొక్కను పెంచితే ఏమవుతుంది? కాయని మొక్క దండగని పీకేస్తాం. మరుసటి ఏడాది కాసే మొక్కలు కూడా కాయడం మానేస్తాయి. ఐరోపా పెరటి తోటల్లో పెంచే మస్క్ స్ట్రాబెరీ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది.

ఈ మొక్క శాస్త్రీయ నామం ఫ్రగేరియా మాస్కేటా. రోజేసీ కుటుంబానికి చెందింది. మధ్య, తూర్పు ఐరోపా అడవుల అంచుల్లో సహజంగా పెరుగుతుంది. మస్క్ అంటే కస్తూరి. పండు వాసనను బట్టి ఈ పేరు పెట్టారు. ఇంగ్లండు తోటమాలులు దీనిని హాట్‌బాయ్ అనేవారు. 'ఎత్తయిన కొయ్య' అని అర్థమిచ్చే ఫ్రెంచి మాటకు ఇది ఇంగ్లీషు రూపం. పూగుత్తులు ఆకుల కంటే పైకి లేచి నిలబడతాయి కనుక ఈ పేరు వచ్చిందంటారు. (మన సన్నాయిని పోలిన ఓబో అనే వాద్యం పేరు కూడా ఈ మాట నుంచే పుట్టింది.)

లంబసింగి, మహాబలేశ్వరం ప్రాంతాల్లో సాగయ్యే స్ట్రాబెరీ, మార్కెట్లో డబ్బాల్లో కనిపించే స్ట్రాబెరీ ఇది కాదు. అది ఫ్రగేరియా × అననాస్సా అనే సంకరం. ఫ్రగేరియా ప్రజాతిలో మూల క్రోమోసోమ్ సంఖ్య 7. అడవి స్ట్రాబెరీ ఫ్రగేరియా వెస్కాలో 14 క్రోమోసోమ్‌లు ఉండగా మస్క్ స్ట్రాబెరీలో 42, మార్కెట్ స్ట్రాబెరీలో 56 ఉంటాయి. అంటే ఇవి వరుసగా ద్వయస్థితికం, షట్‌స్థితికం, అష్టస్థితికం. పెంచేవారికి ఇంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. మార్కెట్ స్ట్రాబెరీ పూలు సాధారణంగా ద్విలింగ పుష్పాలు. మస్క్ స్ట్రాబెరీలో మగపూలు ఒక మొక్క మీద, ఆడపూలు మరో మొక్క మీద పూస్తాయి. ద్విలింగ పుష్పాలు గల రకాలు కూడా తోటల్లో ఉన్నాయి గాని, జాతి సహజ లక్షణం ఏకలింగాశ్రయమే.

ఫ్రాన్సులో ఆంత్వాన్ నికొలా డ్యుషేన్ అనే యువకుడు ఈ సంగతిని శ్రద్ధగా గమనించాడు. అప్పటికి అర్ధ శతాబ్దం కిందట, 1714లో, ఫ్రెజియే అనే సైనిక ఇంజనీరు చిలీ దేశం నుంచి పెద్ద కాయల స్ట్రాబెరీ మొక్కలను తెచ్చాడు. అవన్నీ ఆడ మొక్కలే కావడంతో ఫ్రాన్సులో ఏపుగా పెరిగాయి గాని కాయలేదు. డ్యుషేన్ వాటి పూలకు మస్క్ స్ట్రాబెరీ పరాగాన్ని అందించి కాయలు కాయించి, 1764లో పదిహేనవ లూయీ రాజుకు చూపించాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు నిండలేదు. స్ట్రాబెరీలపై అతని గ్రంథం 1766లో వెలువడింది.

గ్రంథం వచ్చినంత మాత్రాన తోటమాలికి చేరినట్టు కాదు. లండన్ సమీపంలోని ఐజిల్‌వర్త్‌లో మైకేల్ కీన్స్ అనే మార్కెట్ తోటల పెంపకందారు ఉండేవాడు. అతను మస్క్ స్ట్రాబెరీ మడుల్లో కాసే మొక్కలనే ఏరి నాటాడు. మడి నిండా పూలు వచ్చాయి, కాయ మాత్రం పట్టలేదు. 1809లో అతనికి అనుమానం వచ్చింది. మగపూలను తెప్పించి ఒక సీసాలో పెట్టి ఆడ మొక్కల మడిలో ఉంచాడు. కొద్ది రోజుల్లో సీసా దగ్గరలోని పిందెలు ఉబ్బడం కనిపించింది. ఇక మరిన్ని సీసాలు పెట్టి, ప్రతి ఉదయం వాటి చోటు మారుస్తూ, కిందటి ఏడాది ఒక్క పండు కూడా రాని మడి నుంచి ఓ మోస్తరు పంట తీశాడు. పది ఆడ మొక్కలకు ఒక మగ మొక్క చాలునని అతని నిర్ణయం. ప్రయోగశాల లేకుండా ఇంత స్పష్టంగా చేసిన పరాగసంపర్క ప్రయోగాలు అరుదు. దూరాన్ని బట్టి ఫలితం మారడాన్ని కూడా అతను గుర్తించాడన్నది గమనించండి.

పిందె ఎందుకు ఉబ్బింది? స్ట్రాబెరీలో మనం తినేది ఉబ్బిన పుష్పాసనం. దాని మీద గింజల్లా కనిపించేవే అసలైన ఫలాలు. వాటిని అకీన్‌లంటారు. ఫలదీకరణ జరిగిన అకీన్‌ల నుంచి ఆక్సిన్ విడుదలై పుష్పాసనాన్ని పెంచుతుంది. చిన్న పిందె మీది అకీన్‌లను తీసేస్తే పెరుగుదల ఆగిపోతుందనీ, బదులుగా ఆక్సిన్ పూస్తే మళ్ళీ పెరుగుతుందనీ నిష్ అనే శాస్త్రవేత్త 1950లో చూపించాడు. పరాగం కొన్ని అకీన్‌లకే అందితే పండు ఒక పక్క ఉబ్బి, మరో పక్క నొక్కుకుపోయి వంకరగా తయారవుతుంది. అసలు అందకపోతే పిందె ఎండిపోతుంది.

ఇక ఇంటి పెంపకానికి వద్దాం. విత్తనం నుంచి పెంచితే మగ, ఆడ మొక్కలు కలిసి వస్తాయి. పూత వచ్చేదాకా ఏది ఏదో చెప్పలేం. మగపువ్వు కాస్త పెద్దది, పసుపు పచ్చని కేసరాలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఆడపువ్వులో కేసరాలు చిన్నవిగా, పరాగం లేకుండా ఉండి, మధ్యలో అండకోశం గుండ్రంగా కనిపిస్తుంది. పూత సమయంలోనే మొక్కలకు వేర్వేరు రంగుల పీలికలు కట్టి పెట్టుకోవాలి. పూత అయిపోయాక ఆకులను చూసి గుర్తుపట్టడం అయ్యే పని కాదు. రన్నర్ల ద్వారా వచ్చేది శాకీయ ప్రత్యుత్పత్తి కనుక తల్లి ఏ లింగమో పిల్ల కూడా అదే. మొక్కలు కొనేవారు నర్సరీలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

మగ మొక్కతో ఒక చిక్కుంది. కాయలకు ఖర్చు చేయవలసిన ఆహారం దానికి మిగిలిపోతుంది కాబట్టి రన్నర్లను విపరీతంగా వేస్తుంది. చూస్తూ ఊరుకుంటే రెండు మూడేళ్ళలో మడి అంతా మగ మొక్కలే అవుతాయి. అందుకే దాన్ని విడిగా ఒక కుండీలో పెంచి, పూత కాలంలో ఆడ మొక్కల పక్కన పెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే తేలిక. ఆడ మొక్కల రన్నర్లను కూడా మొదటి ఏడాది తుంచేస్తే మొక్క బలపడుతుంది. తేనెటీగలు రాని బాల్కనీలో చిన్న మెత్తని కుంచెతో పరాగాన్ని అందించవచ్చు.

తక్కిన పనులు మామూలు స్ట్రాబెరీకి చేసేవే. మొక్కల మధ్య 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. నాటేటప్పుడు కాండం మొదలు నేలకు సమానంగా ఉండాలి. లోతుగా నాటితే కుళ్ళుతుంది, పైకి నాటితే వేళ్ళు ఎండుతాయి. అడవి అంచు మొక్క కనుక కొద్దిపాటి నీడను ఓర్చుకుంటుంది. కుళ్ళిన ఆకుల ఎరువు, చెమ్మ కావాలి, నీరు మాత్రం నిలవకూడదు. పండ్లకు మట్టి అంటకుండా కింద గడ్డి పరుస్తారు. పిట్టలకు వల, నత్తలకు కాపలా తప్పవు. మూడు నాలుగేళ్ళకోసారి కొత్త పిల్లలతో మడి మార్చాలి.

పండు చిన్నది, ముదురు ఎరుపు, పూర్తిగా పండితే వేలు తగిలినా నలుగుతుంది. పూర్తిగా పండనిదే ఆ వాసన రాదు. కోసిన రోజే తినాలి, దూరం పంపలేం. అందుకే ఇటలీలోని టోర్టోనా పట్టణం వంటి కొన్ని చోట్ల తప్ప దీని అమ్మకం దాదాపు కనిపించదు. రుచి చూడాలంటే చాలామందికి ఇంట్లో పెంచుకోవడమే దారి.

మన మైదాన ప్రాంతాల్లో దీన్ని పెంచవచ్చా? సాధ్యపడదనే చెప్పాలి. శరత్కాలపు తక్కువ పగటి వేళల్లో, చల్లదనంలో దీని పూమొగ్గలు ఏర్పడతాయి. గట్టి చలికాలం గడిచాకే వసంతంలో అవి విచ్చుకుంటాయి. ఇంగ్లండులోనో జర్మనీలోనో పెరడు ఉన్న తెలుగు కుటుంబాలు నిశ్చింతగా పెంచుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక పెరట్లో 12 మస్క్ స్ట్రాబెరీ మొక్కలున్నాయి. చుట్టుపక్కల వేరే స్ట్రాబెరీలు లేవు. వాటిలో 11 కాశాయి, ఒకటి పూసింది గాని కాయలేదు. యజమాని దాన్ని పీకేసి, ఆ చోట బాగా కాసిన మొక్క రన్నరును నాటాడు. మరుసటి ఏడాది పంట ఎలా ఉంటుంది? ఆ 11 మొక్కలూ ద్విలింగ పుష్ప రకానివైతే మీ సమాధానం మారుతుందా? కారణాలతో రాయండి.